అదుపు రాకెట్టులో ఉంటుందా?

పిల్లలూ! మిరపకాయలు కల్లంలో ఎండి, టిక్కీలకెక్కి, గుంటూరు యార్డుకు చేరాక ఇంట్లో నాలుగు డబ్బులు కనిపిస్తాయి. పాత కోరికలన్నీ అప్పుడే బయటికి వస్తాయి. మీలో టెన్నిస్ నేర్చుకుంటున్నవారు ఈసారి మంచి రాకెట్టు అడగాలనుకుంటూ ఉండవచ్చు. దుకాణంలో ఒకటి తీసి, "ఇది కంట్రోల్ రాకెట్టు బాబూ, పెద్ద పెద్ద ఆటగాళ్ళు వాడేది" అంటారు. దాంతో కొడితే బంతి గీత దాటదని మీరు సంబరపడతారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ రాకెట్టు మీకు అదుపు ఇవ్వదు. మీ చేతికి అదుపు ఇప్పటికే ఉంటే దాన్ని చెడగొట్టదు, అంతే.

ఎందుకో చూద్దాం. టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి గట్టి నేలమీద వదిలితే అది 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకే లేవాలని నిబంధన. లెక్క కట్టండి. నేలను తాకినప్పుడున్న శక్తిలో సుమారు నూటికి 45 వంతులు తిరిగి రాలేదు. బంతి నొక్కుకుపోయినప్పుడు ఆ శక్తి చాలావరకు రబ్బరులో వేడిగా మారిపోయింది. ఆటగాళ్ళు గట్టింగు అనే తీగల అల్లిక అలా కాదు. సాగినప్పుడు దాచుకున్న శక్తిలో నూటికి 90 వంతులకు పైగా అది వెనక్కి ఇచ్చేస్తుంది. కాబట్టి బంతి తక్కువ నొక్కుకుని, తీగలు ఎక్కువ సాగితే వేగం ఎక్కువ. తీగలు బిగుతుగా ఉంటే నొక్కుకునే పని బంతి మీదే పడుతుంది, వేగం తగ్గుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

నులక మంచం మీకు తెలుసు కదూ! కాళ్ళవైపు తాళ్ళు వదులైతే పడుకున్నవాడు లోపలికి దిగిపోతాడు, బిగిస్తే పైనే ఉంటాడు. తీగల సంగతీ అంతే. అయితే నులకకు సాగి మళ్ళీ తోసే గుణం తక్కువ. అందుచేత బంతిని మంచం మీద వేసి పరీక్షించి, నేను తప్పు చెప్పానని అనకండి!

బిగువు వల్ల వచ్చే తేడా నిజానికి కొంచెమే. కాని 23.77 మీటర్ల పొడవున్న కోర్టులో బంతి గీత లోపల పడటమా, బయట పడటమా అన్నది ఆ కొంచెమే తేలుస్తుంది.

కంట్రోల్ రాకెట్టులో తక్కినవన్నీ ఈ దారినే నడుస్తాయి. తల చిన్నది, 95 నుంచి 98 చదరపు అంగుళాలు. తీగలు ఒత్తుగా, తరచు 18 నిలువు, 20 అడ్డం. చట్రం సన్నగా, కాస్త వంగేట్టు ఉంటుంది. బరువు 300 గ్రాములు దాటుతుంది. తనంతట తాను బంతికి వేగం చేర్చకూడదనే ఈ ఏర్పాటంతా. చేయి నిండుగా ఊపి కొట్టేవాడికి ఇది వరం. ఎంత జోరుగా ఊపినా బంతి లోపలే పడుతుంది. సగం ఊపుతో కొట్టే పిల్లవాడికో? బంతి కోర్టు మధ్యలోనే చతికిలబడుతుంది, ఎదుటివాడు ముందుకొచ్చి ముగిస్తాడు. అప్పుడు మనవాడు భుజం బలమంతా పెట్టి బాదుతాడు. చేయి నొప్పి అక్కడే మొదలు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బంతి తల మధ్యలో తగలకపోతే రాకెట్టు చేతిలో మెలి తిరుగుతుంది. ఆ మెలికను అడ్డుకునే గుణం వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వెడల్పు నూటికి 10 వంతులు పెరిగితే, బరువు పెరగకపోయినా, ఆ గుణం సుమారు 21 వంతులు పెరుగుతుందన్నమాట. హోవర్డ్ హెడ్ అనే ఇంజనీరు 1976లో 110 చదరపు అంగుళాల పెద్ద తల రాకెట్టు తెచ్చినప్పుడు జనం నవ్వారు. 1978లో పామ్ శ్రైవర్ అనే 16 ఏళ్ళ అమ్మాయి అలాంటి రాకెట్టుతోనే అమెరికా ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళింది.

మన నేల సంగతి కూడా ఆలోచించండి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. సరిగా పరవని మట్టి కోర్టులో బంతి ఒకసారి మోకాలి ఎత్తుకు, ఇంకోసారి ఛాతీ ఎత్తుకు లేస్తుంది. అక్కడ తల మధ్యలో కొట్టడం నేర్పరులకే కష్టం. పైగా మన మే నెల ఎండ! బంతిలోని గాలి 25 డిగ్రీలనుంచి 42 డిగ్రీలకు వేడెక్కితే పీడనం సుమారు నూటికి 6 వంతులు పెరిగి అది మరింత ఎగురుతుంది. ఎండలో వదిలేసిన రాకెట్టు తీగలు త్వరగా బిగువు కోల్పోతాయి. బోలెడు డబ్బు పోసి కొన్న బిగువు నెల తిరక్కుండానే సడలవచ్చు.

"బోర్గ్ వాడలేదా?" అంటారు. నిజమే, బ్యోర్న్ బోర్గ్ తన కర్ర రాకెట్టును దాదాపు 80 పౌన్ల బిగువుతో కట్టించేవాడు. ఇప్పుడు 50, 60 పౌన్ల మధ్యే మామూలు. కాని బోర్గ్ చేయి వేరు. చాలా ఏళ్ళు 90 చదరపు అంగుళాల తలతో ఆడిన రోజర్ ఫెదరరే 2014లో 97కి మారాడు.

షటిల్ ఆడేవారికీ ఇదే వర్తిస్తుంది. మన నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడని, ఛాంపియన్ల బిగువుతో తీగలు కట్టించుకుంటే మీ షటిల్ వెనక గీత దాకా పోదు.

కొనేముందు ఒక పని చేయండి. బంతిని ముగ్గుపిండిలో దొర్లించి, స్నేహితుడిచేత 20 సార్లు వేయించి కొట్టండి. ప్రతి దెబ్బకూ తీగల మీద పడిన తెల్లమచ్చ ఎక్కడుందో రాసుకుని తుడిచేయండి. 15 మచ్చలైనా నడిమధ్య పడితే నాన్నగారిని కంట్రోల్ రాకెట్టు అడగండి. పడకపోతే 100 చదరపు అంగుళాలు దాటిన తేలిక రాకెట్టే తీసుకుని, మిగిలిన డబ్బుతో బంతులు కొనుక్కోండి.