కొత్త కారా, సెకండ్ హ్యాండా: ఓ బాచుపల్లి లెక్క

మొన్న ఆదివారం మా బావమరిది ఇంటికొచ్చాడు. కాఫీ కూడా తాగకుండానే లాప్‌టాప్ తెరిచి, "బావా, కారు కొంటున్నా. కొత్తదా, సెకండ్ హ్యాండా, నువ్వే తేల్చెయ్" అన్నాడు. వాడూ సాఫ్ట్‌వేరే. నిజాంపేటలో అద్దెకుంటాడు, ఆఫీసు హైటెక్ సిటీలో. వాళ్ళావిడ కొత్తదే కొందామంటుంది. మా మామగారైతే "పాత కారు కొనడమంటే ఇంకొకడి దరిద్రం డబ్బిచ్చి తెచ్చుకోడమే" అని తేల్చేశారు. వాళ్ళ టీమ్ లీడేమో "కొత్త కారు షోరూమ్ గేటు దాటగానే లక్ష గాల్లో కలిసిపోతుంది" అన్నాడట. ఇద్దరి మాటా నిజమే. అందుకే వాడికి నిద్ర పట్టట్లేదు.

ముందే ఒప్పేసుకుంటున్నా, నాది పాత కారు పార్టీ. నేను నడిపేది 2010 మోడల్, 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 2025లో పదిహేనేళ్ళు నిండితే ఆర్సీ ఇంకో ఐదేళ్ళకి పొడిగించుకున్నా. ఈ పార్టీలో చేరడానికి కారణం పొదుపు కాదు, ఎదురుదెబ్బ. అది చెప్పి లెక్కల్లోకి వెళ్తా.

2008 ఫిబ్రవరిలో నాకు ప్రమోషన్ వచ్చింది, మార్చిలో కొత్త కారొచ్చింది. ఆన్‌రోడ్ నాలుగున్నర లక్షలు. చేతినుంచి కట్టింది యాభై వేలు, మిగతా నాలుగు లక్షలూ పన్నెండున్నర శాతం వడ్డీకి లోను. ఈఎంఐ తొమ్మిది వేలు. "ఈ జీతానికి అదెంత!" అనుకున్నా. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ మునిగింది. డిసెంబరుకల్లా మా ప్రాజెక్టు పోయి బెంచి మీదకొచ్చా. 2009 జనవరి 7న రామలింగరాజు గారి ఉత్తరం బయటపడ్డాక హైదరాబాదులో ఎవర్ని ఉద్యోగం అడగాలన్నా మొహమాటమైపోయింది. మార్చిలో మా కంపెనీవాళ్ళు నన్ను ఇంటికి పంపించారు. ఏప్రిల్లో కారు అమ్మేశా. వచ్చింది రెండు లక్షల తొంభై వేలు. బ్యాంకుకి కట్టాల్సింది మూడు లక్షల ముప్ఫై మూడు వేలు. తేడా కట్టడానికి మా ఆవిడ గాజులు తాకట్టుకెళ్ళాయి. అంటే, కారు పోయింది కానీ కారు అప్పు మాత్రం మిగిలింది. దాన్ని తీర్చడానికి ఇంకో ఏడాది పట్టింది.

సరే, ఇప్పుడు లెక్క. ఇది ఉదాహరణ మాత్రమే, మీ అంకెలు మీరు వేసుకోండి. పెట్రోలు రెండింటికీ ఒకటే కాబట్టి వదిలేశా.

కొత్త కారు, షోరూమ్ ధర 8,00,000 అనుకుందాం. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకి లైఫ్ టాక్స్ 14 శాతం, అంటే 1,12,000. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, ఇతరాలు కలిపి 48,000. ఆన్‌రోడ్ 9,60,000. రెండు లక్షలు చేతినుంచి పెట్టి మిగతా 7,60,000 తొమ్మిది శాతానికి ఐదేళ్ళు అప్పు తీసుకుంటే ఈఎంఐ 15,776. వడ్డీయే 1,86,000 దాకా అవుతుంది. తర్వాతి ఏళ్ళ ఇన్సూరెన్సుకి 60,000, సర్వీసింగుకి 50,000 వేశా. మొత్తం 12,56,000. ఐదేళ్ళకి అమ్మితే 4,25,000 వస్తాయనుకుంటే, పోయింది 8,31,000. నెలకి 13,850.

అదే మోడల్ ఐదేళ్ళ పాతది, మధ్యవాళ్ళ లాభంతో కలిపి 4,75,000. పేరు మార్పిడికి 10,000. లక్ష చేతినుంచి పెట్టి, మిగతాది పదమూడు శాతానికి మూడేళ్ళు అప్పు తీసుకుంటే వడ్డీ 80,000. పాత కారుకి వడ్డీ రేటు ఎక్కువన్న సంగతి చాలామంది చూసుకోరు. ఐదేళ్ళ ఇన్సూరెన్సు 70,000. టైర్లు, బ్యాటరీ, క్లచ్, సస్పెన్షన్... వీటికి ధారాళంగా 1,50,000 వేశా. మొత్తం 7,85,000. పదేళ్ళ వయసులో అమ్మితే రెండు లక్షలు. పోయింది 5,85,000. నెలకి 9,750.

తేడా నెలకి 4,100. మా వాడు మొహం వేలాడేశాడు. "ఇంతేనా బావా? సగం ధరకి కొంటే సగం ఖర్చవ్వాలి కదా?" అన్నాడు. అవ్వదు. వడ్డీ, రిపేర్లు కలిసి సగం లాభాన్ని తినేస్తాయి.

ఇప్పుడు మూడో లెక్క చూడండి. ఇది షోరూమ్‌లోనూ చెప్పరు, బ్రోకరూ చెప్పడు. అదే కొత్త కారుని ఐదేళ్ళకి అమ్మకుండా పదేళ్ళు ఉంచుకుంటే? మొదటి ఐదేళ్ళ ఖర్చు 12,56,000. రెండో ఐదేళ్ళకి ఇన్సూరెన్సు, రిపేర్లు 2,20,000. మొత్తం 14,76,000. పదేళ్ళకి రెండు లక్షలకి అమ్మితే పోయింది 12,76,000. నూట ఇరవై నెలలతో భాగిస్తే నెలకి సుమారు 10,630. పాత కారుకీ దీనికీ తేడా నెలకి తొమ్మిది వందలు కూడా లేదు!

అంటే, మన జేబుకి చిల్లు పెట్టేది కొత్త కారు కొనడం కన్నా, కొన్న కారుని నాలుగైదేళ్ళకే మార్చెయ్యడం. ఇన్సూరెన్సువాళ్ళ పట్టికే చూడండి. కారు విలువ ఏడాదికి 15 శాతం తగ్గిస్తారు, రెండేళ్ళకి 20, మూడేళ్ళకి 30, నాలుగేళ్ళకి 40, ఐదేళ్ళకి 50. పైగా లైఫ్ టాక్సు పదిహేనేళ్ళకి ముందే కట్టేస్తాం. ఐదేళ్ళకి అమ్మితే మిగతా పదేళ్ళ పన్ను కొనేవాడి తరఫున మనం కట్టినట్టే. పాత కారు కొనేవాడికి అసలు లాభం ఇక్కడుంది. కాకపోతే కారు తెలంగాణ రిజిస్ట్రేషన్‌ది అయ్యుండాలి. ఏపీ 39 బండో, బెంగుళూరు బండో చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే, ఎన్‌ఓసీ తేవాలి, కారు వయసుని బట్టి ఇక్కడ మళ్ళీ టాక్సు కట్టాలి. గుంటూరులో ఉన్న బాబాయి కారు కొనుక్కునే ముందు ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ, 28 శాతం పైన సెస్సు ఉండేది కాస్తా 18కి దిగింది. కొత్తది చవకైతే పాతదీ చవకవ్వాలి. అంతకుముందు కొన్నవాడు తన పాత బిల్లు చూపించి బేరమాడితే, ఇవాళ్టి షోరూమ్ ధర చూపించి మీరు బేరమాడండి.

మరి ఎక్సెల్‌లో పట్టనివి? మొదటిది నీళ్ళు. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగినప్పుడు సెల్లార్లలో నీళ్ళు నిలబడ్డాయి. 2020 అక్టోబరు వానలకి నగరంలో సగం కాలనీలు చెరువులయ్యాయి, కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం టీవీల్లో అందరం చూశాం. అలా మునిగి తేలిన కార్లు కడిగి, పాలిష్ పెట్టి అమ్మకానికొస్తాయి. పైకి ఏమీ తెలీదు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, అడుగున బురద చార కనిపిస్తుంది. సీట్ల కింద పట్టాలకి తుప్పుందేమో, స్టెప్నీ గుంటలో మట్టి ఉందేమో, కార్పెట్ ఎత్తితే ముక్కు వాసన ఉందేమో చూడండి. వీటిల్లో ఒక్కటి కనిపించినా దండం పెట్టి వచ్చెయ్యండి.

రెండోది మీటరు. ముప్ఫై వేల కిలోమీటర్లే తిరిగిందంటారు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో ఇరవై మూడో వారం తయారైందని. కారు 2020ది, తిరిగింది ముప్ఫై వేలు, టైర్లేమో నాలుగూ 2024వి అయితే, ఎందుకు మార్చాల్సొచ్చిందో అడగండి. బండి నంబరుతో కంపెనీ సర్వీసు సెంటర్లో పాత రికార్డు అడిగితే ఇంకా మంచిది. ఒక మెకానిక్‌కి వెయ్యో రెండు వేలో ఇచ్చి వెంట తీసుకెళ్ళడానికి మనవాళ్ళు వెనకాడతారు. నాలుగు లక్షల వస్తువుకి అదేమంత ఖర్చు చెప్పండి?

మూడోది కాగితాలు. ఇది కొనేవాళ్ళ కన్నా అమ్మేవాళ్ళకి ముఖ్యం. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, తాళాలిచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని వచ్చేస్తే సరిపోదు. ఆర్సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు మనమే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాడిదేనంది. 2009లో నేనమ్మిన కారు రెండేళ్ళ తర్వాత కూడా నా పేరు మీదే తిరుగుతోందని ఒక పోలీసు స్టేషన్ నుంచి ఫోనొస్తే గానీ నాకు తెలీలేదు. ఎవరికీ దెబ్బ తగలకపోబట్టి బతికిపోయా. కొనేవాళ్ళయితే, లోను తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35, పెండింగు చలాన్లు చూసుకోండి. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది ఆయన వెంటే పోతుంది.

నాలుగోది ప్రాణం. ఇక్కడ నా పార్టీకి కాస్త ఇబ్బందే. కొత్త కార్లకి ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019లో. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులన్నది ఆ తర్వాత వచ్చిన నిబంధన. నా 2010 కారులో రెండూ లేవు. దాన్ని మియాపూర్ మెట్రో దాకా, కూరగాయల దాకా నడుపుతా. పిల్లల్నెక్కించుకుని మల్లంపేట దగ్గర ఔటర్ ఎక్కాలంటే మాత్రం ఇప్పుడు గుండె ఒప్పట్లేదు. చంటిపిల్ల ఉన్న ఇల్లు కాబట్టి మా వాడికి గట్టిగా చెప్పా, 2022కి ముందుదైతే ఎయిర్‌బ్యాగులు ఎన్నో చూడకుండా బేరం మొదలెట్టకు అని. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు కాబట్టి, 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన కారైతే మాన్యువల్లో ఏం రాశారో కూడా చూడాలి.

చివరగా, మనం తిరిగేదెంత? బాచుపల్లి నుంచి హైటెక్ సిటీకి రానూపోనూ ముప్ఫై కిలోమీటర్లు. నెలకి పన్నెండు రోజులు ఆఫీసుకెళ్తే 360. వారాంతాలు కలిపితే 560. ఏడాదికి ఏడు వేలు కూడా దాటదు. పదేళ్ళకి డెబ్భై వేలు. సరిగ్గా చూసుకుంటే ఈనాటి కార్లకి డెబ్భై వేలు ఒక లెక్క కాదు. అంటే మనలో చాలామంది ఐదేళ్ళకి కారు మారుస్తున్నది కారు అరిగిపోయి కాదు, పక్క పార్కింగులో కొత్తదొచ్చి.

నా తీర్పు ఇది. రెండు ప్రశ్నలు వేసుకోండి. రేపు ఉద్యోగం పోతే ఆరు నెలల ఈఎంఐ బ్యాంకులో విడిగా ఉందా? ఈ కారుని పదేళ్ళు ఉంచుకుంటానా? రెండింటికీ అవునంటే కొత్తది కొనుక్కోండి, మనశ్శాంతిగా. ఒక్కదానికి కాదన్నా పాతదే నయం. 2008లో నేను మొదటి ప్రశ్న వేసుకోలేదు. అప్పట్లో బెంచి అనేవాళ్ళు, ఇప్పుడు లేఆఫ్ అంటున్నారు. పేరు మారిందే గానీ ఈఎంఐ తారీకు మారలేదు.

మా వాడు లాప్‌టాప్ మూస్తూ, "అయితే బావా, పదేళ్ళు ఉంచుకుంటాననుకుంటే కొత్తదే కదా?" అని కళ్ళు మెరిపించాడు.

"నీ చేతిలో ఫోను కొని ఎన్నాళ్ళైందిరా?" అనడిగా.

"ఎనిమిది నెలలు."

"దానికి ముందుదేమైంది?"

వాడేమీ మాట్లాడలేదు. వచ్చే శనివారం మెకానిక్‌ని వెంటబెట్టుకుని, నాలుగేళ్ళ పాత కారొకటి చూడ్డానికి వెళ్తున్నాం.