లవణ మొక్కటియే, రూపములు వేఱు

శాస్త్రవిషయములకు తెలుగుభాష చాలదని, అందుచే పిల్లలను మన బడి మాన్పింపవలెనని కొందఱు తల్లిదండ్రులు తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదని నా అభిప్రాయము. కొఱత భాషలో లేదు. ప్రయోగము చేసి చూపకపోవుటలో నున్నది. ఒక ఉదాహరణము చెప్పెదను.

చింతపండునకు పులుపునిచ్చు వానిలో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లము. దీనికి రెసిమిక్ ఆమ్లమను తోబుట్టువు కలదు. టార్టారిక్ ఆమ్లద్రావణము ధ్రువితకాంతి తలమును త్రిప్పును. రెసిమిక్ ఆమ్లద్రావణము త్రిప్పదు. 1848లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ అను 25 ఏండ్ల యువకుడు ఈ రెండవదాని సోడియం అమోనియం లవణమును స్ఫటికములుగా చేసి పరీక్షించెను. అందు రెండు విధముల స్ఫటికములు కానవచ్చెను. కుడిచేతికి ఎడమచేయి వలె ఒకటి రెండవదానికి ప్రతిబింబము. వానిని చేతితో ఏరి, వేర్వేరుగా నీట కరిగింపగా, ఒక ద్రావణము కాంతితలమును కుడికిని, మఱియొకటి ఎడమకును త్రిప్పెను.

ఇందలి కీలకము తరువాత తేలినది. సుమారు 27 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువనే ఈ రెండు రూపములు విడివిడిగా ఏర్పడును. అంతకు మించిన వేడిమిలో కుడి ఎడమల అణువులు ఒక్క స్ఫటికముననే కలిసిపోవును, ఏరుటకేమియు మిగులదు. మన యెండకాలమున, మన తరగతి గదిలో పాశ్చర్ ఆ ద్రావణమును ఉంచియున్నచో ఆ విశేషము బయటపడెడిది కాదు! వేడిమియే గాక, ద్రావణి, చల్లార్చు వేగము, ముందుగా వేసిన విత్తన స్ఫటికము గూడ స్ఫటికరూపమును నిర్ణయింపవచ్చును.

ఇది వినోదమాత్రము కాదు. రిటోనవిర్ అను ఎయిడ్స్ మందు అనుకొనని విధమున, తక్కువగా కరుగు వేఱొక స్ఫటికరూపము దాల్చుటచే, 1998లో ఆ గొట్టపు మాత్రలను అంగళ్లనుండి తీసివేయవలసి వచ్చెను. అణువు మాఱలేదు; అమరిక మాఱినది.

ఇంతవఱకు చెప్పినది తెలుగుననే గదా! ఇక వలసినది ప్రయోగము. వారమున కొక్క గంట దీనికై కేటాయింపవలెను. పటికను వేడినీట కరిగించి, సగము త్వరగాను, సగము నెమ్మదిగాను చల్లార్చి, ఎందు పెద్ద స్ఫటికములు వచ్చునో విద్యార్థులే చూచి, కారణమును తమ మాటలలో వ్రాయవలెను. తల్లిదండ్రులును వచ్చి చూడవలెను.

పైచదువులలో ఇంగ్లీషు పేర్లు రావా యని అడుగవచ్చును. వచ్చును. గ్రహించిన విషయమునకు మఱియొక పేరు నేర్చుట సులభము. గ్రహింపని విషయమునకు ఏ భాషలోని పేరును అక్కఱకు రాదు.