దేహమే తొలి ప్రయోగశాల

తెలిసిన దానినుండి తెలియని దానికి విద్యార్థిని నడిపింపవలెనని బోధనాశాస్త్రము చెప్పుచున్నది. అట్లయినచో భౌతికశాస్త్రమును బోధింప బూనినవారు ఎచ్చట ప్రారంభింపవలెను? బాలునకు గాని బాలికకు గాని తన దేహముకంటె సన్నిహితమైన వస్తువు వేరొకటి లేదు. దానిని ఇంటివద్ద మరచి బడికి వచ్చుటకు వీలు లేదు. బీరువాలో పెట్టి తాళము వేయుటకును వీలు లేదు. కావున భౌతికశాస్త్రపాఠము దేహమునుండియే మొదలు కావలెనని నా దృఢాభిప్రాయము.

తెలుగు పండితునకు ఈ శాస్త్రముతో నేమి పని యని కొందరు శంకింపవచ్చును. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున అన్ని తరగతులను చూచుట నా విధిగా నుండెను. ఒకనాడు ఒక బాలుడు మీట యనగా నేమో, అందలి మూడు రకములేవో తడబడక అప్పగించెను. నేను సంతోషించి, “నాయనా! నీ చేతిలో మీట యున్నదా?” అని అడిగితిని. వాడు వెలవెలబోయి, అరచేతులు రెండును చాచి చూపి, “లేదండీ, నేనేమీ తీయలేదండీ” అనెను. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. నిర్వచనము వాని నోటిలో నున్నది. కాని ఆ నిర్వచనము చెప్పు వస్తువు తన మోచేతిలోనే యున్నదని వానికెవరును చెప్పలేదు. తప్పు వానిది కాదు, మాది.

వెంటనే నీళ్లచెంబు తెప్పించి, మోచేయి వంచి, ముంజేతిని నేలకు సమాంతరముగా నుంచి దానిని పట్టుకొమ్మంటిని. చెంబు బరువు 1 కిలోగ్రామనుకొందము. ముంజేతిని పైకెత్తు కండరము మోచేతి కీలునకు సుమారు 5 సెంటీమీటర్ల దూరమున ఎముకను పట్టుకొని యుండును. చెంబున్న అరచేయి ఆ కీలునకు సుమారు 35 సెంటీమీటర్ల దూరమున నుండును, అనగా ఏడింతలు. కావున ముంజేతి బరువును లెక్కింపకున్నను, ఆ చెంబును నిలుపుటకు కండరము 7 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలముతో లాగవలెను. ఇది నష్టపు బేరమువలె తోచును. కాని కండరము 1 సెంటీమీటరు కుంచించుకొన్నచో చేయి సుమారు 7 సెంటీమీటర్లు కదలును. బలములో పోగొట్టుకొన్న దానిని దూరములోను వేగములోను రాబట్టుకొనుచున్నాము. బంతి విసరువాని చేయి ఇందుకు సాక్షి. ఆనాడు ఆ బాలుడు బిగిసిన తన దండను తడవి చూచుకొని తోటివారికిని చూపెను. ఆ మీటను వాడు మరల మరచియుండడని నా నమ్మకము.

వేసవిలో చెమట పోయుట అందరెరిగినదే. ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు సుమారు 2,400 జౌళ్ల ఉష్ణము కావలెను. దానిలో అధికభాగమును అది చర్మమునుండియే గ్రహించును. మట్టికుండలోని నీరు చల్లబడుటయు ఇట్లే. కుండగోడల సన్నని రంధ్రములలో ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిని కొనిపోవును. అనంతపురమున ఎండ కాల్చుచున్నను చెమట తోడనే ఆరిపోవును. కాకినాడలో అంతకంటె తక్కువ వేడిలోనే ఉక్కపోత భరింపరానిదగును. ఏలనన, సముద్రతీరమున గాలి తేమతో నిండియుండుటచే చెమట త్వరగా ఆవిరి కాజాలదు. బొట్లుగా కారిపోయిన చెమట దేహమును చల్లబరుపలేదు. ఈ సంగతి తెలిసిన బాలిక, ఉక్కపోతనాడు పొలమునకు పోవు తండ్రితో నడుమ నడుమ నీడపట్టున విశ్రమింపవలెనని చెప్పగలదు. అది పరీక్షలో వచ్చు మార్కులకంటె మిన్న.

కొబ్బరిబొండములో గొట్టము పెట్టి పీల్చునపుడు నీటిని మనమే పైకి లాగుచున్నామని తలతుము. నిజమునకు మనము చేయునది నోటిలోని గాలి పీడనమును తగ్గించుటయే. బయటి వాయుపీడనము నీటిని పైకి నెట్టును. శ్వాసయు నిట్టిదే. ఛాతీకిని కడుపునకును నడుమ నున్న కండరపుపొర క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేచినపుడు ఛాతీ విశాలమగును. లోపలి పీడనము తగ్గును. బయటి గాలి లోనికి వచ్చును. ఉష్ణోగ్రత మారనిచో వాయువు ఆక్రమించు చోటు పెరిగినకొలది పీడనము తగ్గునని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించెను. ఆ నియమమును మనము నిమిషమునకు సుమారు 15 సారులు అనుభవించుచున్నాము.

శాస్త్రచరిత్రయు ఈ మార్గమునే చూపుచున్నది. 1840లో రాబర్ట్ మేయర్ అను జర్మను వైద్యుడు ఓడవైద్యుడుగా జావాద్వీపమునకు పోయెను. అచ్చట నావికులకు రక్తము తీయునపుడు, సిరలలోని రక్తము తాననుకొన్న దానికంటె ఎర్రగా నుండుట చూచి ఆశ్చర్యపడెను. ఉష్ణదేశమున దేహము తన వేడిని నిలుపుకొనుటకు తక్కువ ఆహారమును దహించుననియు, అందుచే రక్తములోని ప్రాణవాయువు తక్కువగా ఖర్చగుననియు అతడు ఊహించెను. ఆ యాలోచన వేడికిని పనికిని గల సంబంధమువరకు సాగి, 1842లో శక్తినిత్యత్వమును గూర్చిన వ్యాసముగా వెలువడెను. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్కెతో కూడి, కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో వెల్లడించెను. కండరము పనిచేయునపుడు అది విడిపోవును. విశ్రమించునపుడు మరల కూడును. చెంబెత్తిన చేతికి శక్తి ఎచ్చటనుండి వచ్చునను ప్రశ్నకు సమాధానములో ఒక భాగమును తెలుగువాడు చెప్పినాడనుట మనకు గర్వకారణము.

దేహము నమ్మదగిన కొలబద్ద కాదని కొందరు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణ సత్యమే. ఒక చేతిని వెచ్చని నీటిలోను, వేరొక చేతిని చన్నీటిలోను కొంతసేపుంచి, పిదప రెంటిని గోరువెచ్చని నీటిలో ముంచినచో, ఒక చేయి చల్లగా నున్నదనును, మరియొక చేయి వేడిగా నున్నదనును. చలికాలపు ఉదయమున ఒకే గదిలోని ఇనుపకడ్డీ కొయ్యబల్లకంటె చల్లగా తోచును. రెంటి ఉష్ణోగ్రతయు నొక్కటే. కాని ఈ పొరపాటులే ఉత్తమ పాఠములు. ఉష్ణమాపకము ఏల కావలసివచ్చెనో మొదటిది నేర్పును. ఇనుము చేతివేడిని త్వరగా కొనిపోవునని రెండవది నేర్పును. గెలీలియో పీసా నగరపు ప్రార్థనాలయమున ఊగుచున్న దీపమును తన నాడితో కొలిచెనని ఆయన శిష్యుడు వివియానీ వ్రాసెను. తరువాత సాంతోరియో అను వైద్యుడు లోలకముతో రోగుల నాడిని కొలిచెను. దేహము ప్రశ్నను పుట్టించును; పరికరము దానికి కచ్చితమైన సమాధానమిచ్చును. కాబట్టి ప్రయోగశాలలు అక్కరలేదనుటకు నా మాటను ఎవరును సాకుగా గొనరాదు.

ఉపాధ్యాయులకొక మనవి. దేహమును పాఠముగా గొనునపుడు ఏ బిడ్డ దేహమును పరిహాసపాత్రము కారాదు. లావుగా నున్న బాలుని అందరియెదుట తూచుట బోధన కాదు. హ్రస్వదృష్టిచే కళ్లజోడు పెట్టుకొన్న బాలికను “నాలుగుకళ్లు” అని తోటివారు వెక్కిరింతురు. అట్టి కంటిలో దూరపు వస్తువుల కిరణములు నేత్రపటలమునకు ముందే కూడును. జోడులోని పుటాకార కటకము వాటిని కొంత విడదీసి సరియైన చోట కూడునట్లు చేయును. ఈ సంగతిని ఆ బాలికచేతనే తరగతికి చెప్పింపుడు. వెక్కిరించిన నోళ్లే ఆ జోడును ఒకసారి చూపుమని అడుగును.

బాలబాలికలారా! ధాన్యపు బస్తానో నీళ్లబిందెనో ఎత్తవలసివచ్చినపుడు నడుము వంచి దూరమునుండి ఎత్తకుడు. బరువు దేహమునకు ఎంత దూరమున నున్న వెన్నుకండరములకు అంత శ్రమ. దగ్గరకు జరిగి, మోకాళ్లు వంచి ఎత్తుడు. మీటసూత్రము మీ వెన్నును కాపాడును. ఇకమీదట మీ చేతిలో మీట యున్నదా యని ఎవరైన అడిగినచో, అరచేతులు చాచి చూపకుడు. మోచేయి వంచి, “ఇదిగో, ఉన్నదండీ!” అని ధైర్యముగా చెప్పుడు.