సోఫా కింద పెట్టారు సరే, ఎవరినడిగి?

హోమ్ థియేటర్ పిచ్చి పట్టిన మగవాళ్ళకి ఇప్పుడు స్పీకర్లు చాలడం లేదు. టీవీ గోడంత అయింది. చుట్టూ అయిదు స్పీకర్లు వచ్చాయి. మూలన బియ్యం డబ్బా అంత సబ్ వూఫర్ వచ్చి కూర్చుంది. ఇక మిగిలింది సోఫా. దాని అడుగు చెక్కకి ఒక బరువైన ముద్దని మరలతో బిగిస్తారు. సినిమాలో బాంబు పేలితే సోఫా అదురుతుంది. దీన్ని బాస్ షేకర్ అంటారు. అమెరికాలో బట్‌కిక్కర్ అనే పేరుతో ఒకటి బాగా ప్రసిద్ధి. ఆ పేరుకి తెలుగు నేను రాయను, మీరే ఊహించుకోండి.

"బాగానే ఉంది కదా, సరదా!" అంటారా? సరదా నాకూ అర్థమవుతుంది. నా పేచీ అది పెట్టే చోటుతో, పెట్టే పద్ధతితో. హాల్లో సోఫా ఇంటిల్లిపాదిదీ. దాని మీద కూర్చునేవాళ్ళని అడక్కుండా దాన్ని వణికే సోఫాగా మార్చే హక్కు ఎవరికీ లేదు.

ముందు ఇది పనిచేసే తీరు చెబుతాను, లేకపోతే "నీకేం తెలుసు" అంటారు. మామూలు స్పీకర్లో తీగచుట్ట ఒక కోన్‌ని ముందుకీ వెనక్కీ తోస్తుంది, గాలి కదిలి చప్పుడు వినిపిస్తుంది. షేకర్లో కోన్ ఉండదు. ఆ బలమంతా లోపలున్న ఒక బరువుని ఊపుతుంది. ఆ ఊపు చెక్కలోకి, చెక్క నుంచి మెత్తలోకి, అక్కణ్ణుంచి మన నడుములోకి వస్తుంది. 5.1 అని రాస్తారు చూడండి, ఆ చివరి 1 పేలుళ్ళకీ ఉరుములకీ విడిగా పెట్టిన బాస్ ట్రాక్. అందులో 120 హెర్ట్జ్ లోపు శబ్దాలే ఉంటాయి. మనిషి చెవికి సుమారు 20 హెర్ట్జ్ కన్నా కిందివి వినబడవు. ఆ అడుగు శబ్దాలని ఒంటికి అందించడమే షేకర్ పని. దీన్ని నడపడానికి ఓ యాంప్లిఫైయర్ కూడా కావాలి.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1959లో విలియం కాజిల్ అనే హాలీవుడ్ దర్శకుడు 'ది టింగ్లర్' అనే భయం సినిమా కోసం కొన్ని థియేటర్లలో కొన్ని సీట్ల కింద మోటార్లు పెట్టించాడు. 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమాకి సెన్సరౌండ్ అని పేరుపెట్టి, పెద్దపెద్ద బాస్ స్పీకర్లతో హాళ్ళనే అదరగొట్టారు. ఇప్పుడు 4డీఎక్స్ సీట్లు ఉన్నాయి. అవన్నీ మనం టికెట్ కొనుక్కుని వెళ్ళేవి. నచ్చకపోతే లేచి ఇంటికి వచ్చేస్తాం. ఇంట్లో సోఫానే అలా అయితే లేచి ఎక్కడికి వెళ్ళాలి?

ఈ హాబీ మనుషుల్లో 1980ల నుంచీ ఒక మాట వాడుకలో ఉంది: వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్. అంటే, కొన్న వస్తువుని భార్య ఎంతవరకు సహిస్తుందన్న లెక్క. నల్లటి పెద్ద స్పీకర్‌కి ఆ లెక్కలో మార్కులు తక్కువ. గోడలో కలిసిపోయేదానికి ఎక్కువ. ఇక షేకర్‌కి పూర్తి మార్కులే, ఎందుకంటే సోఫా కింద ఉంటుంది, భార్యకి కనబడదు!

ఈ లెక్కలో భార్య ఎవరో గమనించారా? గది కొలతల్లాగా, కరెంటు వోల్టేజీలాగా ఆమె కూడా దాటాల్సిన ఒక అడ్డంకి. ఆమె చెవులకి ఏం వినిపించింది, నడుముకి ఏం తెలిసింది అన్నది లెక్కలో లేదు. ఆమె కంటికి హాలు అందంగా కనిపిస్తే ఒప్పుకున్నట్టే. మనకి పూలకుండీ, కర్టెన్ల రంగూ తప్ప ఇంకో పట్టింపు ఉండదని వాళ్ళ నమ్మకం. కనబడకుండా దాచడాన్ని ఒప్పించడం అని ఎప్పటినుంచి అంటున్నారు?

రెండో వాదన ఇంకా బాగుంటుంది. "సబ్ వూఫర్ అయితే పక్కింటివాళ్ళకి ఇబ్బంది. ఇది పెట్టుకుంటే శబ్దం తగ్గించుకోవచ్చు." ఇందులో నిజం ఉంది. రాత్రిపూట పిల్లలు లేవకుండా సినిమా చూడాలనుకునే మనిషికి ఇది పనికొస్తుంది. కానీ సోఫా కాళ్ళ కింద మంచి రబ్బరు దిమ్మలు వేయకపోతే ఆ అదురు నేలలోకి దిగుతుంది. మన అపార్ట్‌మెంట్లలో మన నేలే కింది వాళ్ళ కప్పు. వాళ్ళు ఫిర్యాదు చేసినా నిరూపించుకోవడం కష్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 హద్దు. కొలిచేదేమో మనిషి చెవి తీరుని అనుసరించే 'ఎ' స్కేలు మీద. ఆ స్కేలు 63 హెర్ట్జ్ దగ్గర ఉన్న శబ్దాన్ని 26 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. కింది ఇంట్లో స్టాండులో గిన్నెలు గలగలమంటున్నా మీటర్ మాత్రం అంతా బాగానే ఉందనవచ్చు.

సరే, రబ్బరు దిమ్మలు వేశారు, కింది వాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు. సంతోషం. మరి ఆ సోఫా మీదున్నవాళ్ళ సంగతి? గోడ అవతలి వాళ్ళ మీద చూపించిన దయ పక్కన కూర్చున్న మనిషి మీద ఎందుకు లేదు?

ఆ సోఫా మీద ఎవరెవరు కూర్చుంటారో ఒక్కసారి లెక్కపెట్టండి. మధ్యాహ్నం అత్తగారు నడుం వాలుస్తారు. పురిటికొచ్చిన ఆడపిల్ల చంటిబిడ్డని ఒళ్ళో వేసుకుని జోకొడుతుంది. మోకాళ్ళ ఆపరేషన్ అయిన మావయ్యగారు కాళ్ళు చాపుకుంటారు. మనం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తాం. సినిమా ఏ వారానికో ఒకటి. సోఫా మాత్రం రోజూ కావాలి. పైగా చాలామంది రిసీవర్ వెనక సబ్ వూఫర్ అని రాసున్న చోట నుంచే షేకర్‌కీ వైరు లాగుతారు. చిన్న స్పీకర్లు మొయ్యలేని బాస్ అంతా ఆ దారినే వస్తుంది. అంటే యుద్ధం సినిమాకే కాదు, వార్తల ముందు వచ్చే డమడమకి కూడా అత్తగారు అదరాల్సిందే. సెట్టింగ్ కాస్త పైకి పెడితే హీరో గొంతు కూడా నడుముకి తగులుతుంది.

దీనివల్ల జబ్బులొస్తాయని నేను అనడం లేదు. వద్దనడానికి జబ్బు రానక్కర్లేదు, నచ్చకపోతే చాలు అంటున్నాను. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. శబ్దం ఎక్కువైతే "కాస్త తగ్గించండి" అనొచ్చు, గదిలో అందరికీ వినబడుతోంది కాబట్టి. వణుకు అలా కాదు. కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. నాకు బాగాలేదంటే, "మాకేం అనిపించడం లేదే, నీకే ఏదో" అంటారు. ఆడవాళ్ళ నొప్పులకి ఈ జవాబు మనం ఇదివరకే చాలాసార్లు విన్నాం.

మేం బి.ఏ.లో చదువుకున్న వ్యాకరణంలో వణుకు వేరు, వణికించు వేరు. రెండోదాంట్లో వణికేవాళ్ళు ఒకరు, వణికించేవాళ్ళు ఇంకొకరు. ఇష్టపడి టికెట్ కొనుక్కున్నవాడిది మొదటి క్రియ. అడక్కుండా మార్చిన సోఫా మీద కూర్చున్న ముసలమ్మది రెండోది.

ఈ యంత్రానికి మంచి ఉపయోగాలూ ఉన్నాయి. చెవులు సరిగా వినబడనివాళ్ళకి అదురు ద్వారా సంగీతం అందుతుంది. స్కాట్లండ్‌కి చెందిన ఎవెలిన్ గ్లెన్నీకి 12 ఏళ్ళకే వినికిడి చాలావరకు పోయింది. ఆవిడ వేదిక మీద చెప్పులు విప్పేసి, వాద్యాల కంపనాన్ని పాదాలతో అందుకుంటూ ప్రపంచ ప్రసిద్ధ విద్వాంసురాలయ్యారు. అలాంటివారు ఇంట్లో ఉంటే ఈ షేకర్ ముందు వాళ్ళ కుర్చీకే పెట్టాలి. అప్పుడు కూడా వాళ్ళని అడిగే పెట్టాలి.

కాబట్టి ఇంట్లో ఈ ప్రస్తావన వస్తే వద్దని ఏడవక్కర్లేదు. షరతులు చెప్పండి. హాలు సోఫా జోలికి రావద్దు, కావాలంటే తన రిక్లైనర్ ఒక్కదానికి బిగించుకోమనండి. స్విచ్చి కూర్చున్నవాళ్ళ చేతికి అందాలి, రిమోట్ ఉన్నవాడి చేతిలో కాదు. వైరు పేలుళ్ళ ట్రాక్‌కే కలపాలి, వార్తలకి కాదు. రబ్బరు దిమ్మలు వేశాకే ఆన్ చెయ్యాలి. ఇంట్లో వాళ్ళ ఒంటి సుఖం కోసమే ఈ ఖర్చంటే, గట్టు ఎత్తు సరిపోక నడుం వంచి వండుతున్న మనిషి సంగతి ఆ చిట్టాలో ముందు రాయమనండి.

ఇంకొక్క మాట. మన ఒప్పుకోలుకి వాళ్ళు మార్కులు వేసుకోనక్కర్లేదు. మనల్ని అడిగితే చాలు, అవునో కాదో మనమే చెబుతాం.