టోపీ మిగిలింది, లిట్మస్ కాగితం పోయింది

షెర్లాక్ హోమ్స్ బొమ్మ గీయమంటే మీలో చాలామంది చిటికెలో గీసేస్తారు. ముందూ వెనకా అంచులున్న టోపీ, వంపు తిరిగిన పైపు, చేతిలో భూతద్దం. అతని కథ ఒక్కటైనా చదవనివాళ్లు కూడా ఆ బొమ్మను గుర్తుపడతారు. 2024లో తెలుగులో "శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్" అనే సినిమా వచ్చింది. ఆ పేరు వింటే చాలు, ఇది అపరాధ పరిశోధన కథ అని జనం గ్రహిస్తారన్న ధీమా ఉండబట్టే కదా ఆ పేరు పెట్టారు!

మరి ఈ బొమ్మ ఎవరు గీశారు? కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ మాత్రం కాదు. ఆయన ఒకటి రెండు చోట్ల ప్రయాణాల్లో పెట్టుకునే టోపీ అని రాసి ఊరుకున్నాడు. 1891లో స్ట్రాండ్ పత్రికకు బొమ్మలు వేసిన సిడ్నీ పేజెట్ దాన్ని వేటగాళ్ల టోపీగా మార్చాడు. 1899లో విలియం జిలెట్ అనే అమెరికన్ నటుడు హోమ్స్ కథను నాటకంగా ఆడి, వంపు పైపును నోట పెట్టాడు. ఆ నాటకాన్ని ఆయన వెయ్యిసార్లకు పైగా ఆడాడట. "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అన్న మాట కూడా నాటకాల నుంచీ సినిమాల నుంచీ వచ్చిందే. డాయిల్ రాసిన 4 నవలల్లోనూ 56 కథల్లోనూ వెతికి చూడండి, ఆ వాక్యం ఆ రూపంలో ఎక్కడా దొరకదు.

టోపీ, పైపు, ఊతపదం వీటితో నాకు పేచీ లేదు. నటుడికి వేషం కావాలి. నా ఫిర్యాదు వేరే ఉంది. ఇన్ని తగిలించినవాళ్లు ఒక ముఖ్యమైన వస్తువును మాత్రం వదిలేశారు. అది హోమ్స్ ప్రయోగశాల.

హోమ్స్ మనకు మొట్టమొదట కనిపించేది ఎక్కడో తెలుసా? 1887లో వచ్చిన "ఎ స్టడీ ఇన్ స్కార్లెట్" నవలలో, లండన్‌లోని ఒక ఆస్పత్రి రసాయనశాలలో. చుట్టూ పరీక్ష నాళికలు, నీలిమంటల బర్నర్లు. హత్యా లేదు, దొంగా లేడు. డాక్టర్ వాట్సన్ గదిలోకి అడుగుపెట్టేసరికి హోమ్స్ ఆనందంతో పరుగెత్తుకుంటూ వస్తాడు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో తప్ప మరి దేనితోనూ అవక్షేపం ఇవ్వని రసాయనాన్ని కనిపెట్టానంటాడు. అప్పటికి వాడుకలో ఉన్న పరీక్ష గ్వాయకం అనే చెట్టు బంకతో చేసేది. రక్తం కాని కొన్ని పదార్థాలకు కూడా ఆ బంక నీలిరంగు చూపించేది. అంటే హోమ్స్ ఎత్తుకున్న సమస్య కల్పితం కాదు, ఆనాటి వైద్యులకు నిజంగా ఉన్న చిక్కే. ఒక మరక మనిషి రక్తమా, జంతువు రక్తమా అని తేల్చే పరీక్షను 1901లో జర్మనీలో ఊలెన్‌హుట్ కనిపెట్టాడు. నవల అంతకు 14 ఏళ్లు ముందుది!

అక్కడే ఒక తమాషా ఉంది. హోమ్స్ తన వేలిని గుచ్చుకుని, ఒక చుక్క రక్తాన్ని లీటరు నీటిలో కలుపుతాడు. ఇందులో రక్తం పది లక్షల్లో ఒక వంతుకు మించి ఉండదంటాడు. మీరు కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేయండి. మామూలు చుక్కలు 20 కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. లీటరుకు వెయ్యి మిల్లీలీటర్లు. కనుక లీటరుకు 20,000 చుక్కలు. అంటే రక్తం 20 వేలలో ఒక వంతు! పది లక్షల్లో ఒక వంతు కావాలంటే ఆ చుక్కను 50 లీటర్ల నీటిలో కలపాలి. మహామేధావి లెక్క 50 రెట్లు తప్పింది. వాట్సన్ అప్పుడే యుద్ధం నుంచి, జబ్బు నుంచి తేరుకుంటున్నవాడు, లెక్క వేయలేదు పాపం.

1893 నాటి "ది నావల్ ట్రీటీ" కథలో అయితే మీకు బాగా తెలిసిన లిట్మస్ కాగితమే వస్తుంది. వాట్సన్ వచ్చేసరికి హోమ్స్ ప్రయోగంలో మునిగి ఉంటాడు. కాగితం నీలంగానే ఉంటే సరే, ఎరుపెక్కితే ఒకడి ప్రాణం పోయినట్టే అంటాడు. కాగితం ఎరుపెక్కుతుంది. లిట్మస్ ఎరుపైతే ఆమ్లం ఉందని తెలుస్తుంది గానీ హంతకుడెవరో తెలియదు, ఆ సంగతి అలా ఉంచండి. మాట్లాడించకుండా వాట్సన్‌ని కూర్చోబెట్టి, ఫలితం కోసం తానే ఆత్రంగా చూసే ఆ క్షణం ఎంత బాగుంటుందో! 2002లో ఇంగ్లండులోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ, లేని మనిషైన హోమ్స్‌కు గౌరవ సభ్యత్వం ఇచ్చింది. ఇలాంటి ఘట్టాలను గుర్తుపెట్టుకునే ఇచ్చి ఉంటుంది.

1900లో అర నిమిషం మాత్రమే నడిచే హోమ్స్ సినిమా వచ్చింది. 2012లో గిన్నిస్ వారు లెక్కపెడితే, సినిమాల్లోనూ టెలివిజన్‌లోనూ హోమ్స్ 254 సార్లు కనిపించాడు. వీటిలో చాలావాటి తీరు ఒకటే. హోమ్స్ ఒక మనిషిని పైనుంచి కిందికి చూస్తాడు, గడగడా పది విషయాలు చెప్పేస్తాడు, అన్నీ నిజమవుతాయి. 2010లో మొదలైన "షెర్లాక్" ధారావాహికలో అతను గమనించిన గుర్తులు తెరమీద అక్షరాలై తేలుతూ కనిపిస్తాయి. ఇది మంచి ఉపాయమే. కానీ ఒక గుర్తుకు ఇంకో అర్థం ఉండవచ్చేమోనని ఆగి ఆలోచించేలోపే అక్షరాలు మాయమవుతాయి. ప్రయోగానికి గంటలు పడుతుంది, సినిమాకు అంత తీరిక ఎక్కడిది అంటారా? నిజమే. అయినా పాటలకూ పోట్లాటలకూ దొరికే తీరిక ఒక లిట్మస్ కాగితానికి దొరకదా?

వాట్సన్‌కు జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. 1939 నుంచి 1946 వరకు వచ్చిన 14 సినిమాల్లో బేసిల్ రాత్‌బోన్ హోమ్స్, నైజెల్ బ్రూస్ వాట్సన్. రాత్‌బోన్ నటన నాకూ ఇష్టమే. బ్రూస్ మాత్రం వాట్సన్‌ను తడబడే, గొణిగే మందమతిగా చేసి నవ్వించాడు. పుస్తకంలోని వాట్సన్ లండన్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందినవాడు, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధంలో గాయపడ్డ సైనిక వైద్యుడు. 60 కథల్లో 56 మనకు చెప్పింది అతనే. "అదెలా తెలిసింది?" అని అతను అడగబట్టే హోమ్స్ తన తర్కాన్ని మెట్టు మెట్టుగా విప్పి చెప్పాల్సి వచ్చింది. ప్రశ్న అడిగేవాణ్ణి తెరమీద మూర్ఖుడిగా చూపిస్తే, తరగతిలో వెనక బెంచీ కుర్రాడు చెయ్యి ఎందుకు ఎత్తుతాడు? రష్యన్ భాషలో 1979 నుంచి 1986 వరకు వచ్చిన చిత్రాల్లో విటాలీ సొలోమిన్, ఇంగ్లండులో 1984 నుంచి 1994 వరకు సాగిన గ్రనాడా టెలివిజన్ ధారావాహికలో డేవిడ్ బర్క్, ఎడ్వర్డ్ హార్డ్‌విక్ ఈ తప్పును చక్కగా దిద్దారు. వాళ్ల వాట్సన్ వైద్యుడిలా కనిపిస్తాడు, ఆలోచించగల మనిషిలా కనిపిస్తాడు.

కానీ ఆ గ్రనాడా వాళ్లు సైతం ఒక కథను తీయలేదు. అది 1893లో వచ్చిన "ది యెల్లో ఫేస్". ఒకాయన తన భార్య ఏదో దాస్తోందని అనుమానంతో వస్తాడు. ఎదుటి ఇంటి కిటికీలో వింతైన పసుప్పచ్చ ముఖం కనిపిస్తోందంటాడు. హోమ్స్ కూర్చున్న చోటు నుంచి కదలకుండానే తేల్చేస్తాడు: ఆమె మొదటి భర్త బతికే ఉన్నాడు, ఆమెను బెదిరిస్తున్నాడు. తీరా అక్కడికి వెళ్లి చూస్తే ఆ ముఖం ఒక ముసుగు. దాని వెనక నవ్వుతున్న చిన్నపిల్ల, ఆమె కన్నకూతురు. హోమ్స్ ఊహ మొదటినుంచి చివరిదాకా తప్పే. ఆ ఊరి పేరు నార్‌బరీ. నాకు అహంభావం ఎక్కువైందనిపిస్తే నా చెవిలో నార్‌బరీ అని అను అని ఆ రాత్రి హోమ్స్ వాట్సన్‌ను కోరతాడు. మూకీల కాలంలో, 1921లో, ఈ కథను ఒకసారి తీశారు. ఇప్పుడు మాటలతో, మంచి వాట్సన్‌తో, మళ్లీ ఎవరైనా తీస్తే ముందు వరుసలో కూర్చుని చూడాలని ఉంది.