పదకొండు ప్రభలు మోసిన భుజాలకు

కోనసీమ తల్లిదండ్రులకు, బడుల్లోని వ్యాయామోపాధ్యాయులకు (పీఈటీలకు), ఊరి పెద్దలకు, గల్ఫ్‌లో కష్టపడుతున్న మన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం.

హైదరాబాద్ గచ్చిబౌలిలో ఒక పెద్ద స్టేడియం ఉంది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో దాన్నే సొంత మైదానంగా చేసుకుని ఆడింది. 2021-22లో కప్పు కూడా గెలిచింది. 2024లో భారత జట్టు సిరియాతో, మారిషస్‌తో తలపడింది కూడా అక్కడే. ఆ స్టేడియానికి ఉన్న పేరు జీఎంసీ బాలయోగి గారిది. అమలాపురం నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న మన బాలయోగి గారు! మైదానం ద్వారం మీద మన మనిషి పేరుంది. లోపల ఆడే జట్ల జాబితాల్లో మన పిల్లల పేర్లు కూడా చదవాలని నా ఆశ. దానికోసం మనం చేయాల్సిన పని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ నేలలో సత్తా ఉందా అని అడిగేవాళ్లకు బ్యాడ్మింటన్‌లో సాత్విక్ ఎప్పుడో జవాబు చెప్పేశాడు. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000లో పుట్టిన అమలాపురం కుర్రాడు. 2014లో గోపీచంద్ అకాడమీలో చేరాడు. మలేసియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్నీ, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ జత కలిపాడు. ఇద్దరూ కోర్టు వెనక నిలబడి బాదేవాళ్లే కాబట్టి ఆ జోడీ కుదురుతుందన్న నమ్మకం వాళ్లకే లేదు. కోచ్‌కు మాత్రం ఉంది. 2022లో థామస్ కప్పు, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం వచ్చాయి. 2023లో హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ స్థానం దక్కాయి. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్ గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఇదంతా మీకు తెలిసిందే. కానీ సాత్విక్ తండ్రి వ్యాయామోపాధ్యాయుడన్న సంగతి ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. ఆ ఇంట్లో ఆట తెలిసిన కన్ను ఉంది. పిల్లాడి భుజం ఎలా తిరుగుతోందో, కాలు ఎలా కదులుతోందో ఆ కన్ను చూసింది. కొబ్బరి దింపు మీద బతికే నాన్న, కువైట్‌లో ఇంటిపని చేసే అమ్మ ఉన్న పిల్లాణ్ని ఎవరు చూస్తారు? సఖినేటిపల్లి అవతల లంకలో, గాలి తగ్గిన ఫుట్‌బాల్‌తో గట్టు మీద ఆడుకుంటున్న పిల్లను ఎవరు చూస్తారు?

"బాగా ఆడితే సెలక్షన్‌లో వాళ్లే తీసుకుంటారు కదండీ" అంటారు చాలామంది. సెలక్షన్ అంటే ఏమిటో తెలిస్తే ఆ మాట అనరు. ఒక ఉదయం వందమందికి పైగా పిల్లలు వస్తారు. వాళ్లను జట్లుగా విడగొట్టి, తలా పదిహేను ఇరవై నిమిషాలు ఆడిస్తారు. ఆ కాస్త సమయంలో కంటికి ఆనేది ఒడ్డూ పొడుగూ, పరుగూ, బంతి వెళ్లిన దూరం. ఇప్పుడు అండర్ 14 జట్టు ఎంపికనే తీసుకోండి. వయసు లెక్క జనవరి ఒకటి నుంచి అయితే, జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పదమూడేళ్ల ప్రాయంలో ఏడాదంటే ఎంత ఎదుగుదలో తల్లులకు చెప్పనక్కర్లేదు. అందుకే చాలా దేశాల్లో లెక్కతీస్తే, కుర్రాళ్ల మేటి జట్లలో వయసు లెక్క మొదలయ్యే తొలి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. పుట్టినరోజు ఒకటే అయినా ఇద్దరు పదమూడేళ్ల పిల్లల ఎముకల ఎదుగుదలలో నాలుగైదేళ్ల తేడా ఉండొచ్చు. ఒకడికి మీసం మొలుస్తుంటుంది, పక్కవాడి గొంతింకా మారదు. మీసం వచ్చినవాడు జట్టులోకి వెళ్తాడు. గొంతు మారనివాడు బస్సెక్కి ఇంటికొచ్చి, మళ్లీ బంతి ముట్టుకోడు. నాకు అన్నిటికన్నా కడుపు రగిలే విషయం ఇదే.

లూకా మోద్రిచ్‌ను చిన్నప్పుడు మరీ బక్కగా, పొట్టిగా ఉన్నాడని హైదుక్ స్ప్లిట్ క్లబ్ వద్దంది. ఆయన 2018లో క్రొయేషియాను ప్రపంచ కప్ ఫైనల్ దాకా నడిపించాడు. ఇంగ్లండ్ మేటి ఆటగాడు హ్యారీ కేన్‌ను పదేళ్లు కూడా నిండకముందే ఆర్సెనల్ పంపేసింది. అన్ని వనరులున్న క్లబ్బులే అంతలా పొరబడ్డాయి. బెల్జియం వాళ్లు ఈ సంగతి గ్రహించి, ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం విడిగా జాతీయ జట్లే పెట్టారు. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపు, మన కోనసీమ జిల్లా జనాభాలో సుమారు పావు వంతు మాత్రమే. ఆ దేశం 2016 యూరో పోటీల్లో ఇంగ్లండ్‌ను ఓడించి, 2018 ప్రపంచ కప్‌కు చేరింది. చలికాలం పొడుగ్గా ఉండే ఆ నేలలో వాళ్లు పైకప్పులున్న మైదానాలు కట్టుకున్నారు, ఊరూరా లైసెన్సున్న కోచ్‌లను తయారుచేసుకున్నారు. దాదాపు నాలుగు రెట్ల జనం, ఏడాది పొడుగునా పచ్చగడ్డి ఉన్న మనకు ఏం తక్కువ?

సెలక్టర్ ఒక్క పూట చూస్తాడు. మీరు ఏళ్లతరబడి చూస్తారు. కాబట్టి చూసే బాధ్యత మీదే. ఏం చూడాలంటారా? బంతి కాలికి తగలకముందు పిల్లాడు తల తిప్పి అటూ ఇటూ చూస్తున్నాడా లేదా గమనించండి. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ మేటి ఆటగాళ్ల ఆటను ఏళ్లతరబడి పరిశీలించి చెప్పింది ఇదే. బంతి అందుకునే ముందు చుట్టూ ఎక్కువసార్లు చూసుకునేవాడు పాస్ బాగా ఇస్తాడు. మొదటి స్పర్శకు బంతి కాలి దగ్గర ఆగుతోందా? బంతి పోగొట్టుకున్నాక తలవంచుకుని నిలబడిపోతున్నాడా, వెంటనే వెనక్కి పరిగెడుతున్నాడా? రెండో కాలు కూడా వాడుతున్నాడా? వీటిలో ఏదీ ఎత్తుతో, కండతో వచ్చేది కాదు.

సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలుచుకోండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి చేర్చి, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన ఆ హైదరాబాదీ కోచ్ మొదట బడిపంతులు. పిల్లలకు బలహీనమైన కాలు బలపడాలని ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టించారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన పేద కుర్రాడు తులసీదాస్ బలరాంను చేరదీసి, ఇరవై ఏళ్ల ప్రాయంలోనే ఒలింపిక్స్‌కు పంపారు. జకార్తా స్వర్ణ జట్టులో కూడా బలరాం ఉన్నాడు. కాబట్టి పీఈటీ మాస్టార్లూ, మీ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడనివ్వకండి. మీరు విజిల్ ఊదే మైదానం నుంచే దేశపు జట్టుకు దారి మొదలవుతుంది. ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆరో తరగతి నుంచి పిల్లల పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, ఆటలో కనబడిన గుణం రాయండి. ఏడాదికి రెండుసార్లు తిరగేయండి. ఈ ఏడు పొట్టిగా ఉన్నాడని పక్కన పెట్టినవాడికి వచ్చే ఏడు మళ్లీ అవకాశం ఇవ్వండి. మీకు బదిలీ అయితే ఆ పుస్తకం తరవాత వచ్చే మాస్టారి చేతిలో పెట్టి వెళ్లండి.

తల్లిదండ్రులకు మరో మాట. పుట్టిన తేదీ దిద్దించకండి. రెండేళ్లు తగ్గించి ఆడిస్తే మీ పిల్లాడు ఒక కప్పు గెలుస్తాడేమో గానీ, నిజంగా ఆ వయసున్న ఎవరి బిడ్డ స్థానమో లాక్కున్నట్టే. పైగా జాతీయ స్థాయికి వెళ్లాక మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగడతారు, అక్కడ కాగితం నిలబడదు. ఇక ఆడపిల్లలను ఎనిమిదో తరగతి రాగానే మైదానం మాన్పించేయకండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడింది. ఆమె ఇంటివాళ్లు కూడా మనలాంటి వాళ్లే.

మైదానాల సంగతి మాత్రం ఊరంతా కలిసి పట్టించుకోవాలి. బడి మైదానంలో షామియానా వేస్తే మేకుల గుంతలు మర్నాడే పూడ్చించండి. కొబ్బరి రాసులు పోయడానికి, వడ్లు ఆరబోయడానికి దాన్ని వాడకండి. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో ఎంపికలు జరిగితే లంక పిల్లలు రాలేరు. ఆ తేదీలు మార్చమని, లేదా వాళ్లకు ఇంకో రోజు ఇవ్వమని అధికారులను ముందే అడగండి. కోటిపల్లి దాటి మనకింకా రైలు రాలేదు. కాకినాడకో, రాజమహేంద్రవరానికో, విజయవాడకో ట్రయల్స్‌కు వెళ్లాలంటే రాజోలు పిల్లాడికి బస్సు ఖర్చు, తిండి ఖర్చు, తోడుగా వచ్చే పెద్దమనిషి ఒక రోజు కూలి అవుతాయి. ఆ కాస్త డబ్బు లేక ఒక్క పిల్ల కూడా ఇంట్లో ఆగిపోకూడదు.

ఇక్కడే గల్ఫ్‌లో ఉన్నవాళ్లను అడుగుతున్నాను. 2022లో ఖతార్ ప్రపంచ కప్ జరిగినప్పుడు ఆ ఎడారిలో మన తెలుగువాళ్ల చెమట కూడా ఉంది. ఇంటికి పంపే డబ్బులో మీ ఊరి బడికి ఏడాదికి నాలుగు బంతులు, నాలుగు జతల బూట్లు కలపండి. ఊరి నుంచి వెళ్లిన పదిమంది కలిస్తే, ఒక కుర్రాణ్ని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్ కోచింగ్ కోర్సుకు పంపవచ్చు. అతను తిరిగొచ్చి ఇక్కడ వందమందికి నేర్పుతాడు. రాయలసీమలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్లు అనంతపురం పల్లెల పిల్లలకు ఫుట్‌బాల్ అకాడమీ, లీగులు నడుపుతున్నారు. చినుకు కోసం ఎదురుచూసే నేలలో జరిగింది, మూడు పాయల గోదావరి మధ్య ఎందుకు జరగదు?

సంక్రాంతి వస్తే కోడిపందేల బరుల దగ్గర ఒక్క పూటలో చేతులు మారే సొమ్ము మనందరికీ తెలుసు. అందులో రవ్వంత పిల్లల టోర్నమెంటుకు రానివ్వండి. అదే పండక్కి కనుమ నాడు మన జగ్గన్నతోటకు, దేవుణ్ని నిలిపి భుజాల మీద మోసే పదకొండు ఊళ్ల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ నీళ్లలో దిగి, పచ్చని చేల మీదుగా వస్తుంది. తన చేను తొక్కుతున్నారని ఏ రైతూ అడ్డుపడడు. పైగా ఎదురొచ్చి భుజం పడతాడు. వ్యాఘ్రేశ్వరం వాళ్లు, ఇరుసుమండ వాళ్లు, వక్కలంక వాళ్లు ఎవరి ప్రభను వాళ్లే మోసుకొచ్చి ఒకే తోటలో నిలబెడతారు. ఫుట్‌బాల్ జట్టు కూడా సరిగ్గా పదకొండు మందే. పదకొండు ఊళ్లు పట్టుదలతో తలా ఒక బిడ్డను ఎదిగించి తెస్తే కోనసీమకు ఒక జట్టు తయారవుతుంది.

ఈ వేసవి సెలవుల్లో మొదలుపెట్టండి. ఏప్రిల్ ఆఖరుకల్లా ప్రతి ఊళ్లో అయిదుగురు కూర్చోవాలి. ఒక పీఈటీ, ఒక తల్లి, ఒకప్పుడు ఆడిన యువకుడు ఒకరు, లెక్కలు చూసేవారు ఒకరు, పిల్లలను ట్రయల్స్‌కు తోడు తీసుకెళ్లేవారు ఒకరు. బడి తెరిచేలోపు మీ ఊరి పుస్తకంలో మొదటి పేర్లు పడాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, పి.గన్నవరం, ఏ ఊరైనా సరే, మీ పిల్లల పేర్లు రాసి పక్క ఊరికి కబురు పెట్టండి. ముందు వాళ్లతోనే ఒక మ్యాచ్ ఆడించండి.