దూది కోసం ఇల్లు సర్దితే...

ఇంట్లో కుందేలుని స్వేచ్ఛగా వదిలి పెంచడం ఎలా అని నెట్లో వెతికితే సలహాలన్నీ ఒకేలా వస్తాయి. వైర్లు దాచండి, కార్పెట్ కొసలు కొరక్కుండా చూడండి, సోఫా కింద దూరకుండా అడ్డం పెట్టండి, లిల్లీ మొక్కలు అందనివ్వకండి. అన్నీ నిజమే. కానీ రాసినవాళ్ళెవరూ చిలకలూరిపేట పక్క పల్లెలో, వసారాలో మిరపకాయ టిక్కీలు, వెనక గదిలో పురుగుమందు డబ్బాలు ఉన్న ఇంట్లో కుందేలుని వదిలి చూసినవాళ్ళు కారు. నేను చూశాను కాబట్టి రాస్తున్నా.

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు నుంచి మూటాముల్లె సర్దుకుని సొంతూళ్ళకి వెళ్ళిపోయిన సాఫ్ట్‌వేర్ జనంలో మేమూ ఒకళ్ళం. ఆ మూటాముల్లెలో మా అమ్మాయి కుందేలు కూడా ఉంది. తెల్లగా ఉంటుందని దానికి దూది అని పేరు పెట్టింది. పత్తి రైతు ఇంట్లో ఆ పేరుకి జోకులు కొదవా? "ఏమ్మా, మీ దూది క్వింటా ఎంత పలుకుద్దంట?" అని మా నాన్న రోజూ మనవరాల్ని ఏడిపించేవాడు. చూడ్డానికొచ్చిన ఊళ్ళోవాళ్ళు మాత్రం సూటిగా "ఎన్ని కిలోలు తూగుద్ది?" అనే అడిగేవాళ్ళు.

"గంప కింద మూసెయ్యక ఇల్లంతా వదిలేస్తారేంట్రా!" అన్నది మా అమ్మ అభ్యంతరం. గంపైనా బోనైనా అది మన సౌకర్యానికే గానీ కుందేలు సుఖానికి కాదని నా అభిప్రాయం. అది గెంతాలి, పరిగెత్తాలి. కదలిక లేకపోతే ఎముకలు బలహీనపడతాయి, పేగులు మందగిస్తాయి. కాకపోతే వదిలేశాక బాధ్యత దానిది కాదు, మనది. ఇంట్లో ఏముందో తెలుసుకోకుండా వదలడం, టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి తోసెయ్యడం లాంటిదే.

మొదటి బగ్ వారంలోనే బయటపడింది. రిలీజ్ కాల్ మధ్యలో నెట్ పోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నా. కాదు, మంచం కింద దూది గారు రౌటర్ వైరుని వేరనుకుని కొరికి పారేశారు. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. అందుకే కొరకడం దానికి అల్లరి కాదు, అవసరం. అదృష్టం బాగుండి కొరికింది సన్న వైరు. పక్కనే 230 వోల్టుల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. బోరు వేయించినప్పుడు మిగిలిన పీవీసీ పైపు ముక్కల్ని నిలువునా కోసి వైర్లన్నిటికీ తొడిగాం. కొరుక్కోడానికి వేరే వేపపుల్లలు పడేశాం. ఆ సమస్య అక్కడితో తీరిపోయింది.

నేల సంగతి నాకు తట్టనే లేదు. మావి నాపరాళ్ళు. ఎండాకాలం చల్లగా ఉంటాయి గానీ నున్నగా జారతాయి. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాళ్ళకి మెత్తలుండవు, బొచ్చే. అది జారి కాళ్ళు బారజాపేస్తుంటే గోనెపట్టాలు పరిచాం. పరిచాక అది ఒకటే తుమ్ములు. తీరా చూస్తే అవి మిరపకాయలు తొక్కిన గోతాలు! రెండుసార్లు ఉతికి ఎండేశాక గానీ పనికిరాలేదు.

ఇక ఎండ. రెంటచింతల పేరు వేసవిలో పేపర్లో ఎందుకొస్తుందో మీకు తెలుసు. కుందేలు మనలా చెమట పట్టించుకోలేదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది, మన మే నెల 45 దగ్గర ఉంటుంది. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెట్టేవాళ్ళం, దాన్నానుకుని పడుకునేది. దొడ్లో గన్నేరు కొట్టించాం. గేదెలకి నానబెట్టే పత్తిగింజల బుట్ట అటక ఎక్కింది. ఆ గింజల్లోని గాసిపాల్‌ని గేదె పొట్ట తట్టుకుంటుంది గానీ కుందేలు పొట్ట తట్టుకోలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ ఆగస్టులో.

ఒకరోజు పొద్దున దూది తిండి ముట్టలేదు. మూలకి పోయి ముడుచుకు కూర్చుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిందంటే పోయినట్టే. పైగా సగం రోజు తినకపోతే పేగులు ఆగిపోయి ప్రాణం మీదికొస్తుంది. పశువుల డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాం. గేదెలకి అలవాటుపడిన మనిషైనా ఓపిగ్గా చూశారు. సెలైన్ ఎక్కించి, సిరంజితో తిండి పెట్టడం చూపించి, ఒక్కటే ప్రశ్న వేశారు: "గడ్డి ఎక్కడిది?"

గడ్డి మా చేను గట్టుది. అంతకు ముందు రోజే చేలో మందు కొట్టారు.

మూడు రోజులకి దూది లేచి తిరిగింది. కానీ నాకు ఉద్యోగరీత్యా వచ్చిన రోగం ఒకటుంది, రూట్ కాజ్ తేలందే నిద్రపట్టదు. కూర్చుని అనుమానాలు రాసుకున్నా. గట్టు గడ్డి. వెనక గదిలో మేకుకి వేలాడే స్ప్రేయరు, దాని కింద నేలమీద చుక్కల మచ్చ. మందు కలిపే బకెట్టు. గాదె మూల ఎలుకల కోసం పెట్టిన మందు నూకలు. కడిగి కిరసనాయిలుకి వాడుకుంటున్న ఖాళీ డబ్బా. మందు కొట్టొచ్చి నాన్న విప్పి దండెం మీద పడేసిన చొక్కా. అన్నట్టు, గోమార్లున్నాయని కుక్కల స్ప్రే కొట్టమని ఎదురింటివాళ్ళు సలహా ఇచ్చారు. నయం, కొట్టలేదు. అలాంటి స్ప్రేల్లో తరచూ ఉండే ఫిప్రోనిల్ కుందేళ్ళ ప్రాణం తీస్తుంది. మిరపలో తామర పురుగుకి కొట్టేవాటిలోనూ అదొకటి.

కారణం తేలలేదు. ఆరు అనుమానాల్లో ఏదైనా కావచ్చు. నన్ను భయపెట్టింది అదే. ఎందుకంటే ఆరేళ్ళ మా అమ్మాయి అదే నేల మీద బొమ్మలాడుకుంటుంది, అదే దండెం కింద దాక్కుంటుంది. నేను పెరిగింది కూడా అక్కడే. ముప్ఫై ఏళ్ళలో ఎవరికీ తట్టని ఆడిట్ ఒక కుందేలు వల్ల జరిగింది.

దీన్ని మేం మామూలుగా తీసుకోవడం ఎంత వింత! పురుగుమందు ఏదైనా సరే దానికి 'ఎండ్రిన్' అనే పేరు మనకి. అసలు ఎండ్రిన్‌ని 1990లోనే నిషేధించారు, మాట మాత్రం పోలేదు. 1987-88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు పత్తిని తినేసి రైతులు ప్రాణాలు తీసుకున్న రోజుల్ని మా ఇంట్లో గొంతు తగ్గించి తలుచుకుంటారు. అంతా తెలిసీ, ఆ డబ్బాలు బియ్యం బస్తా పక్కనే ఉంటాయి. అప్పుల తప్పూ ధరల తప్పూ డబ్బా మీదకి నెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక్క చెడ్డ పూట చేతికందే దూరంలో అది లేకపోతే ఆ పూట గడిచిపోవచ్చు.

తాళం వేసుకుంటే చాలదా అని నేనూ అనుకున్నా. శ్రీలంక పల్లెల్లో 53 వేలకు పైగా ఇళ్ళ మీద జరిపిన అధ్యయనం ఒకటి 2017లో లాన్సెట్‌లో వచ్చింది. అందులో సగం ఊళ్ళకి తాళం డబ్బాలిచ్చారు. విషం తాగడం తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. అదే దేశం అత్యంత విషపూరితమైన మందుల్ని నిషేధించాక మాత్రం ఆత్మహత్యలు బాగా తగ్గాయి. నిషేధం నా చేతిలో లేదు. ఇంట్లోంచి తీసెయ్యడం ఉంది.

నాన్నతో చెబితే తేలిగ్గా ఒప్పుకోలేదు. "పొలంలో పెడితే ఎవడన్నా ఎత్తుకుపోతాడ్రా. ఒక్కో డబ్బా ఎంతో తెలుసా?" అందులో న్యాయం ఉంది. తవ్వితే ఇంకోటి బయటపడింది: అన్ని డబ్బాలు ఒకేసారి ఎందుకు తెస్తాడంటే, కొట్టువాడు పంట అమ్మేదాకా అరువిస్తాడు కాబట్టి. అరువులో వాడిచ్చిందే మందు, వాడు చెప్పిందే లెక్క. ఏ పూట మందు ఆ పూట నగదుకి తెచ్చుకునేలా నెలనెలా నేను కొంత పంపేటట్టు, మిగిలింది మోటారు షెడ్డులో గోడకి బిగించిన ఇనప్పెట్టెలో పెట్టేటట్టు ఒప్పందం. నెలనెలా జీతం రాని ఇంట్లో ఈ పరిష్కారం కుదరదు, ఆ సంగతి నాకు తెలుసు. నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసిన 2021-22లో పెట్టె నిండి పొర్లింది. అయినా ఒక్క డబ్బా ఇంటికి రాలేదు.

ఎలుకలకిప్పుడు బోనే. గడ్డి కోసం దొడ్లోనే రెండు మళ్ళు గరిక, పిల్లిపెసర వేశాం. చొక్కా దగ్గరే ఇంకా పేచీ. వీధి అరుగు పక్కన తొట్టి కట్టించి, అక్కడే స్నానం చేసి లోపలికి రమ్మంటే, "కుందేలు కోసం వీధిలో స్నానం చెయ్యాలా?" అంటాడు నాన్న. సిమెంటూ ఇటుకలూ తెచ్చి ఉంచాను. మళ్ళీ మందు కొట్టే లోపు కట్టించెయ్యాలి.